కాదనడం నేర్చుకున్న నావికుడు

నౌకాదళంలో పదిహేనేళ్లు ఇంజను గదిలో పనిచేసి వచ్చిన జోగినాయుడికి అణువిద్యుత్ కేంద్రంలో పెద్ద చిక్కే వచ్చిపడింది. శిక్షణలో అందరికంటే అతనే ముందు. ఏ మీట ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అయినా శిక్షణ ఇచ్చే మొహిద్దీన్ గారు అతన్ని కంట్రోల్ రూమ్‌కి పంపడానికి రెండుసార్లు ఒప్పుకోలేదు. మళ్లీ కాదంటే ఉద్యోగం పోయినట్టే.

మొహిద్దీన్ గారు ఆ కేంద్రంలోనే జుట్టు నెరిసిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు అన్ని షిఫ్టులూ నడుపుతున్నారు.

"నా వల్ల ఏటి తప్పు జరిగింది సార్?" అని అడిగేశాడు నాయుడు. "ఆర్డరు రెండోసారి సెప్పించుకునే మనిషిని కాను నాను."

"ఆ సంగతి నాకు తెలుసు," అని ఆయన శిక్షణ గదిలోకి నడిచారు. అది అసలు కంట్రోల్ రూమ్‌కి అచ్చుగుద్దిన నకలు. అక్కడ ఏం తప్పు చేసినా బయట దీపం కూడా ఆరదు.

"రెండో పంపు ఆపు."

"రెండో పంపు ఆపుతున్నాను సార్."

మాట పూర్తయ్యేసరికి పంపు ఆగింది. అంత చురుకైన చేతిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మరుక్షణం గదంతా గంటలు మోగాయి. మొదటి పంపు మరమ్మతులో ఉందని దాని మీటకు ఎర్ర చీటీ వేలాడుతోంది. రియాక్టరుకు నీళ్లు పంపుతున్నది రెండోదొక్కటే. నాయుడు ఆ చీటీని చూడకపోలేదు.

"మీరు సెప్పారు కదా సార్," అన్నాడు చిన్నబోయి.

ఆయన గంటలు ఆపి, పంపును మళ్లీ నడిపించి, నాయుణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టారు. తాను మీటల ముందు నిలబడ్డారు.

"అదే ఆర్డరు నాకివ్వు."

"రెండో పంపు... ఆపండి సార్."

"రెండో పంపు ఆపమంటున్నారు. మొదటిది మరమ్మతులో ఉంది. ఆపలేనండి," అన్నారు మొహిద్దీన్ గారు, శిష్యుడి ముందు చేతులు కట్టుకుని.

నాయుడు ఆ కుర్చీలో ఇంక కూర్చోలేకపోయాడు.

చివరి పరీక్ష రోజు అదే గదిలో ఆయన వేరే మనిషిలా ఉన్నారు. "మూడో వాల్వు మూసెయ్," అని ఓడ మీద అధికారులు అరిచినట్టే అరిచారు. నాయుడి మడమలు వాటంతటవే దగ్గరకొచ్చాయి. చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది. అతను మీటరు చూశాడు.

"మూడో వాల్వు మూయమన్నారు సార్. ట్యాంకులో నీళ్లు దిగిపోతన్నాయి, అందులోకి నీళ్లొచ్చేది ఈ వాల్వులోంచే. మూయలేను."

"చెప్పేది నీకే. మూసెయ్."

"మూయను సార్."

పై అధికారికి అతను ఎదురు చెప్పడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి కదల్లేదు.

మొహిద్దీన్ గారు అనుమతి కాగితం మీద సంతకం పెట్టి లేచారు.

"మా ఇల్లు ఇక్కడికి దగ్గరే నాయుడూ," అన్నారు. "నీ షిఫ్టులో మావాళ్లు హాయిగా నిద్రపోతారు."