పోలమ్మ తాగిన నీళ్ళు

విశారదమ్మగారి ఆశ్రమానికి ఎవరు వెళ్ళినా ముందు జరిగేది ఒకటే. ఆవిడ కూజాలోంచి రెండు గ్లాసుల్లోకి నీళ్ళు వంచుతారు. ఒకటి వచ్చినవాళ్ళ చేతికిస్తారు, రెండోది తాను తాగుతారు. వరసగా పదిమంది వస్తే పది గ్లాసులూ తాగవలసిందే. డెబ్బై దాటిన మనిషికి ఇదేం నియమమని మేం చాటుగా అనుకునేవాళ్ళం. మాలో పండితులు కొందరు దానికి అర్థం కూడా చెప్పారు: ఒక గ్లాసు జీవాత్మట, రెండోది పరమాత్మట. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్నాళ్ళు నేనూ నమ్మాను.

ఆశ్రమం ఏరు సముద్రంలో కలిసేచోట, ఇసకదిబ్బ మీద ఉంది. మార్గశిరంలో అక్కడ మంచు దిగితే ఏరెక్కడ ఆగిందో, సముద్రమెక్కడ మొదలైందో తెలియదు. పడవలు కనిపించవు, పడవల్లోని మాటలు మాత్రం వినిపిస్తుంటాయి. అలాంటి ఒక పొద్దున చిదంబరం వచ్చాడు. పట్నంలో పెద్దాసుపత్రి పక్కన మా ఆశ్రమం తరఫున ఒక ఇల్లుంది. గర్భసంచికి క్యాన్సరొచ్చి, దూరపు ఊళ్ళనుంచి వచ్చిన ఆడవాళ్ళు వైద్యం ముగిసేదాకా అందులో ఉంటారు. ఆ ఇల్లు చూసుకునేది చిదంబరమే. మంచివాడు, ఒళ్ళు దాచుకోడు. కాకపోతే తాను చేసిన మంచి తనకు బాగా జ్ఞాపకం ఉండే రకం.

నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే అడిగాడు.

"అమ్మగారూ, మనిషికి ఏం ఇస్తే చాలుతుంది? మంచం ఇచ్చాం, పాలూ గుడ్డూ ఇచ్చాం, మందులు కొన్నాం, ఆటో పెట్టాం. అయినా ఒకావిడ సగంలో మానేసి రేపు తొలి బస్సుకి ఊరెళ్ళిపోతానంటోంది. వెళితే బతకదని డాక్టరుగారు చెప్పారు. ఎందుకు వెళతావమ్మా అంటే గోడవైపు తిరిగి పడుకుంటోంది." "మనం ఏం తక్కువ చేశామంటారు?"

విశారదమ్మగారు తన గ్లాసు ఖాళీచేసి పక్కన పెట్టారు. మంచులోకి చూస్తూ, పాతికేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పారు. ఆవిడ గొంతు చిన్నది. వినడానికి మేమందరం చాపలతో సహా దగ్గరికి జరిగాం.

అప్పటికి ఆశ్రమం లేదు. విశారదమ్మగారు నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి ఆసుపత్రిలో ఇలాంటి ఆడవాళ్ళకే సాయం చేస్తుండేవారు. జీడితోటల ఊరినుంచి అసిరితల్లి అని ఒకావిడ వచ్చింది. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడిన మనిషి. గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరు. పాతిక రోజులు వరసగా కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్ని అక్కడ అందరూ కరెంటనే అంటారు. దానికొక పద్ధతుంది. పెట్టే ముందు నాలుగైదు గ్లాసుల నీళ్ళు తాగి, ఒంటికి వెళ్ళకుండా అరగంట బిగబట్టి కూచోవాలి. మూత్రసంచి నిండితే పేగులు పైకి జరుగుతాయి. వాటికి దెబ్బ తగలదు. నిండకపోతే ఆ రోజుకి వెనక్కి పంపేస్తారు.

అసిరితల్లిని మూడు రోజులు వరసగా వెనక్కి పంపారు. మూడో రోజు విశారదమ్మగారు వరండాలో కాపు కాశారు. కిటికీ అవతలి కుండీలో మందారమొక్క ఉంది. అసిరితల్లి గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, అటూ ఇటూ చూసి, నీళ్ళన్నీ దానికి పోసేసింది. విశారదమ్మగారికి ఒళ్ళు మండిపోయింది. "మేం ఇంతమందిమి నీకోసం తిరుగుతుంటే నువ్వు చేసే పని ఇదా?" అని అందరిముందూ అరిచేశారు. అసిరితల్లి వెళ్ళి సంచీ సర్దుకుంది.

"నేను కేకలేశాను నాయనా," అన్నారు విశారదమ్మగారు ఇక్కడ ఆగి. "ఎందుకు పారబోస్తున్నావని అడగలేదు."

అడిగింది పోలమ్మ. వరండా ఊడ్చే ఆయా. అప్పటికే అరవై దాటాయి. చీపురు గోడకానించి, అసిరితల్లి పక్కన చతికిలబడింది.

"ఏటమ్మా, జబ్బు సేసినాది నీకా, ఆ మందార మొక్కకా?"

అసిరితల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "వొచ్చినప్పుడు బస్సులో సీర తడిసిపోనాది అప్పా. నాకు తెలవకండానే. పక్కనున్నోలు ముక్కు మూసుకున్నారు. పేనం పోతే పోనీ గానీ, మల్లీ నలుగురిలో అలగ తడవలేను."

ఆ జబ్బులో అదొక బాధ. పైగా పిక్కలు కొట్టే షెడ్డులో లేవడానికి వీల్లేక, పొద్దుటినుంచి సాయంత్రందాకా నీళ్ళు ముట్టకుండా పాతికేళ్ళు పనిచేసిన శరీరం అది. పోలమ్మ ధైర్యం చెప్పలేదు. ఏం కాదు, తడవదు అని కూడా అనలేదు. లోపలికెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చుకుంది.

"అయితే నానూ తాగతాను. తడిస్తే ఇద్దరం తడుద్దుం."

మర్నాటినుంచి రోజూ పది గంటలకి ఇద్దరూ వరండాలోని బల్ల మీద కూచునేవారు. గ్లాసుకి గ్లాసు. తాగేటప్పుడు పోలమ్మ అడిగేది, "ఇది ఏ నీరే?" అని. అసిరితల్లి కళ్ళు మూసుకుని చెప్పేది. మొదటిది కన్నవారింటి నూతి నీరు. రెండోది కొండమీంచి దిగే గెడ్డ నీరు; అందులో రాలిన జీడిపూత వాసన ఉంటుంది. మూడోది తొలకరికి చూరు కింద గిన్నె పెట్టి పట్టిన వాన. నాలుగోది పోలమ్మ వంతు, కొబ్బరిబొండం. పక్కన కూచున్న తక్కిన ఆడవాళ్ళూ మెల్లగా అందుకున్నారు. ఒకరు తాటితోపు పక్క చెలమ అన్నారు, ఒకరు పెళ్ళినాటి బిందె అన్నారు. మందుల వాసనతో నిండిన ఆ వరండాలో ఆ అరగంటసేపూ ఏళ్ళూ గెడ్డలూ పారుతున్నట్టు ఉండేదట. కప్పు మీద ఎక్కడిదో నీటి వెలుగు కదిలేదట. అది కిటికీ అద్దం మీద ఎండ అని విశారదమ్మగారికి తెలుసు. అయినా చూస్తూ నిలబడిపోయేవారు.

తొమ్మిదో రోజు లోపల మిషను ఆగిపోయింది. అరగంట అయింది, ముప్పావుగంట అయింది. అసిరితల్లి పెదవి కొరుక్కుంటూ బల్ల అంచు పట్టుకుని కూచుంది. ఆ ముఖం చూస్తే పారిపోయేటట్టే ఉంది. అప్పుడు పోలమ్మ, "అయిపోనాదమ్మా నా పని," అంది. ఆవిడ చీర తడిసింది. నీళ్ళు బల్ల కిందుగా వరండా మధ్యకి పారాయి. మగవాళ్ళు కూడా ఉన్నారక్కడ. ఎవరో ఇస్సీ అన్నారు.

అసిరితల్లి లేచి నిలబడింది. భుజం మీది తువ్వాలు తీసి పోలమ్మ నడుముకి చుట్టింది. చుట్టి, ఆవిడకి అడ్డంగా నిలబడి, "ఏటి సూస్తన్నారు? ముసిలిమనిసి. అటు తిరగండి!" అని గద్దించింది. ఆ ఆసుపత్రిలో ఆవిడ గొంతు పైకి వినిపించడం అదే మొదలు. అందరూ తిరిగారు. అంతలో మిషను బాగయింది, లోపల్నించి పేరు పిలిచారు. నిండిన పొట్టతో, తల ఎత్తుకుని, అసిరితల్లి లోపలికి వెళ్ళింది. ఆ రోజు వరండా కడిగింది విశారదమ్మగారే.

పాతిక రోజులూ పూర్తయ్యాయి. ఏటా వేసవిలో ఆశ్రమానికి వచ్చే జీడిపప్పు ఎక్కడిదో మాకు అప్పుడు తెలిసింది.

మంచు కాస్త పలచబడింది. "పోలమ్మ నిజంగానే ఆపుకోలేకపోయిందా, అమ్మగారూ?" అన్నాడు చిదంబరం.

"నేనడగలేదు," అన్నారు ఆవిడ.

రేవులో పట్నం పడవవాడు కేక వేస్తున్నాడు. చిదంబరం గబగబా లేచాడు. ఊరెళ్ళిపోతానన్న ఆవిడ బస్సెక్కేలోగా వెళ్ళి పక్కన కూచోవాలన్న తొందర అతని ముఖంలో కనిపించింది. నీళ్ళ గ్లాసు ఇంకా అలాగే నిండుగా చేతిలో ఉంది.

"తాగి వెళ్ళు నాయనా," అన్నారు విశారదమ్మగారు, తన గ్లాసు మళ్ళీ నింపుకుంటూ.

"ఇప్పుడు దాహంగా లేదమ్మగారూ."

"పోలమ్మకీ ఒక్కనాడూ దాహం వెయ్యలేదు నాయనా."