రాజుగారూ, గోతిలో పడే సిపాయీ

చిత్రగిరిని ఏలే రంగభూపతికి యుద్ధాలంటే విసుగు, పాతకాలపు వీడియో గేములంటే ప్రాణం. విదూషకుడు ఓబన్న కొలువులోని కంప్యూటర్‌లో పాత గేముల్ని ఆడించే ఎమ్యులేటర్ పెట్టి, ఒక గేము ఎక్కించి ఇచ్చాడు. అంతే, రాజ్యపాలన ఒక గొయ్యి దగ్గర ఆగిపోయింది. గేములోని బుల్లి సిపాయి ఆ గొయ్యి దూకాలి. రాజుగారు ఆడితే మాత్రం దబ్బున అందులో పడతాడు.

"సాయంత్రంలోగా సిపాయి గొయ్యి దాటాలి. లేదంటే ఈ గేము తెచ్చిన ఓబన్న ఊరు దాటాలి!" అన్నాడు రాజు.

యంత్రశాల అధికారి ఉద్దండయ్య మీసం దువ్వాడు. ఓబన్నను వెళ్లగొట్టాలని ఆయనకు ఎన్నాళ్ల కోరికో! పళ్లెమంత కంట్రోలర్ తెచ్చాడు. దాని నిండా మీటలు, మీటమీటకీ ఓ కెంపు.

"దూకేది ఏదయ్యా?"

"ఎడమ పక్క కెంపు ప్రభూ... కాదు, దాని కిందది..."

సిపాయి గోతిలో పడ్డాడు.

"నా కంట్రోలర్ బంగారం. లోపమంతా ఓబన్న గేములోనే!" అన్నాడు ఉద్దండయ్య.

 ఓబన్న మాత్రం రాజునే గమనిస్తున్నాడు. గొయ్యి రాగానే రాజు కంగారుగా సింహాసనం మీంచి ఎగిరి లేస్తున్నాడు, మీట నొక్కడం మరిచిపోతున్నాడు. రాజు లేచినప్పుడల్లా మర్యాద కోసం సభంతా లేస్తోంది. పాపం, ముసలి మంత్రులకు మోకాళ్లు పట్టేశాయి.

ఓబన్న ఓ పాత కంట్రోలర్ తెచ్చాడు. దూకే మీటను ఊడబీకి, తీగతో సహా సింహాసనం మెత్త కిందకి తోసి, మిగతాది రాజు చేతికిచ్చాడు. ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో ఏదో మార్చాడు.

"ఎప్పటిలాగే ఆడండి ప్రభూ."

గొయ్యి వచ్చింది. "అయ్యయ్యో!" అంటూ రాజు లేచాడు. సభ లేచింది. సిపాయి కూడా లేచి, అవతలి గట్టున దిగాడు!

"నేనేమీ నొక్కలేదే! వాడెలా దూకాడు?"

"తమరు లేస్తే సభంతా లేస్తుంది ప్రభూ. ఆ సిపాయికి మాత్రం మర్యాద ఉండొద్దూ? మీట తమరి కిందే ఉంది. తమరు లేచి మీట వదలగానే దూకమని వాడికి చెప్పాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కావాలో కోరుకో!"

ఓబన్న మోకాళ్లు తడుముకున్నాడు.

"తమరు లేచినా నేను కూర్చునే వరం ఇప్పించండి."

"ఇచ్చాం!" అని రాజు తెర వైపు తిరిగాడు. ముందు దారంతా గోతులే. రాజు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఉద్దండయ్య "అమ్మో, నా నడుము!" అని మూలుగుతూ లేచాడు. ఓబన్న కాళ్లు చాపుకుని కూర్చుని, చల్లని మజ్జిగ తెమ్మన్నాడు. సభంతా గొల్లున నవ్వింది, నిలబడే.