అడిగితే కాదనని వాళ్లు

సింహాలమ్మ తనతో ఇన్నాళ్లూ అబద్ధం చెబుతూ వచ్చిందని తెలిసి డాక్టర్ కేదార్ మనసు విరిగిపోయింది.

ఆమెది పలాస దగ్గర పల్లె. జీడిపిక్కలు కొట్టే పని. రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక, కేదార్ ఆమెని ఒక కొత్త మాత్ర మీద జరుగుతున్న పరిశోధనలో చేర్చాడు. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే పాత మాత్ర అందరికీ ఇస్తారు. దానితోపాటు కొత్తది కూడా కొందరికి ఇస్తారు. కొత్తదాని వల్ల మేలుందో లేదో కొన్నేళ్లకి గానీ తేలదు. ఎవరికి ఏది అన్నది డాక్టరు చేతిలో ఉండదు. చీటీలు తీసినట్టు కంప్యూటరే తేలుస్తుంది. సింహాలమ్మకి రెండూ వచ్చాయి.

ఆమె ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా కేదార్ నవ్వుతూ పలకరించేవాడు. "బాగుందా సింహాలమ్మా? విరేచనాలవీ లేవు కదా?"

"బాగుంది బాబూ. ఏటీ నేదు," అని చేతులు జోడించేది. అతను అదే రాసుకునేవాడు.

ఆ ఉదయం ఆమెని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కళ్లు గుంటలు పడ్డాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. నాడి అందీ అందనట్టుంది. సెలైన్ ఎక్కిస్తుంటే, వెంట వచ్చిన వదిన తవిటమ్మ అసలు సంగతి బయటపెట్టింది. ఆ కొత్త మాత్ర మొదలెట్టిన దగ్గర్నుంచీ విరేచనాలేనట. జీడిపిక్కల బట్టీకి పనికి పోవడం మానేసిందట. ఆసుపత్రికి రావలసిన రోజైతే, బస్సులో పరువు పోతుందని ముందు రోజు నుంచే మెతుకు ముట్టేది కాదట.

"మరి నాతో బాగుందని ఎందుకు చెప్పింది?" అన్నాడు కేదార్ గట్టిగా.

తవిటమ్మ బెదిరిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కేదార్ వెంటనే కొత్త మాత్ర ఆపించాడు. జరిగింది పరిశోధన నడిపే పైవాళ్లకి తెలియజేశాడు. మధ్యాహ్నానికి సింహాలమ్మ తేరుకుంది. ఆమెకేమీ కాదని ధైర్యం చిక్కాక అతనికి కోపం వచ్చింది. ఆ కోపంతోనే గురువుగారి గదికి వెళ్లాడు.

డాక్టర్ మరియరత్నం గారు ఆ ధర్మాసుపత్రిలోనే జీవితమంతా గడిపిన మనిషి. వేళ్లు కొంకర్లు పోయి ఆపరేషన్లు చేయడం మానేశారు గానీ, రోగుల్ని చూడడం మానలేదు. కేదార్‌కి పని నేర్పింది ఆవిడే. చిన్న డాక్టర్లందరిలాగే అతనూ ఆవిడని అమ్మా అనే పిలుస్తాడు.

"నాతో అబద్ధం చెప్పిందమ్మా," అన్నాడు.

ఆవిడ కుర్చీ చూపించారు. కేదార్ కూర్చోలేదు.

"విరేచనాలవుతాయి, అయితే వెంటనే చెప్పాలి అన్నాను. ఇష్టం లేకపోతే చేరక్కర్లేదన్నాను. చేరాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చన్నాను. దేనికీ తొందరపెట్టలేదు. అంతా వీడియో కూడా తీశాం, కావాలంటే చూడండి. ప్రతి మాటకీ తల ఊపింది."

వీడియో చూస్తానని ఆవిడ అనలేదు.

"పెద్ద ఊళ్లలో చేరమంటే సగం మంది ఆలోచించుకుంటామని వెళ్లిపోతున్నారట. ఇక్కడ నేను అడిగితే కాదన్న మనిషి లేదు. అందరూ మెచ్చుకున్నారు. ఎలా చెప్తావయ్యా అని హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మరీ అడిగారు. ఇప్పుడు చూడండి, ఈమె ఎంత పని చేసిందో. ఇంతకన్నా ఎలా చెప్పాలమ్మా వీళ్లకి?"

మరియరత్నం గారు లేచారు. చేతులు కడుక్కున్నారు. బీరువాలోంచి ఒక సిరంజి తీసి, గుప్పిట్లో పట్టుకున్న చిన్న సీసాలోంచి ఏదో మందు ఎక్కించారు. సూది పైకి పట్టి గాలి వదిలారు.

"చొక్కా చెయ్యి మడుచు," అన్నారు.

కేదార్ మడుచుకున్నాడు. చిన్నప్పటి నుంచీ సూదంటే అతనికి భయం. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. జబ్బ మీద స్పిరిటు దూది చల్లగా తగిలింది. పళ్లు బిగబట్టాడు.

సూది దిగలేదు.

కాసేపటికి అతను ఇటు తిరిగాడు. ఆవిడ సిరంజి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"ఇదేం మందో అడగలేదేం?"

"అడగలేదమ్మా."

"ఎందుకూ?"

"మీరు ఇస్తున్నారు గదమ్మా," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది అతని చెవికి వినపడలేదు. మొహం వేడెక్కింది.

మరియరత్నం గారు సిరంజిలోని నీళ్లు సింకులోకి చిమ్మేసి, బెల్లు కొట్టి, బయట కూర్చున్న రోగిని పిలిచారు.

కేదార్ చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ బయటికి వచ్చాడు. వార్డుకి వెళ్లకుండా వెనకవైపు మెట్లు దిగి, ఉతికిన దుప్పట్లు ఆరేసే చోట నిలబడ్డాడు. ఎవరూ తనని చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

సింహాలమ్మని అడిగిన రోజు గుర్తొచ్చింది. అతను మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె కూర్చుని ఉంది. డాక్టరు నిలబడితే తాను కూర్చోవడమేమిటని లేవబోతూ, కుట్ల నొప్పికి లేవలేక, మాట్లాడినంతసేపూ అదే ఇబ్బందిలో ఉంది. చెప్పాల్సినవన్నీ అతను చెప్పిన మాట నిజమే. అన్నీ చెప్పాక చివర్లో, ఆమె మొహంలో భయం చూసి, "ఇది నీకు మంచిదేలే సింహాలమ్మా," అని భుజం తట్టాడు. అప్పటికే వీడియో ఆపేశారు. ఆ మాటకే ఆమె చేతులు జోడించింది.

తన పేరు మారుమోగింది అందరికీ చివర్లో చెప్పే ఆ ఒక్క మాట బలం మీదేనని అతనికి తెలుస్తూనే ఉంది. అది ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

పొద్దు వాలుతుండగా వార్డుకి వెళ్లాడు. సింహాలమ్మ అతన్ని చూడగానే లేవబోయింది.

"లేవకు," అని స్టూలు లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"తప్పయిపోనాది బాబూ," అంది ఆమె నీరసంగా. "మీ పని పాడు సేసీసినాను."

ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి తననే క్షమించమని అడుగుతోంది. ఉదయం తాను తవిటమ్మ మీద అరిచిన మాట ఈమె చెవిన కూడా పడే ఉంటుంది.

"సింహాలమ్మా, ఈ మందుకి ఎందుకు ఒప్పుకున్నావు?"

"మీరు అడిగినారు గద."

"నేను అడిగితే మాత్రం?"

"ప్రేనం పోసినోలు అడిగితే ఎలగ కాదంతాను?"

"విరేచనాల సంగతైనా చెప్పొచ్చు కదా."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "మొగబిడ్డలు. ఆ మాట మీతో ఏ మొకం పెట్టుకుని సెప్పీది? మీరేమో బాగుందా, బాగుందా అని నవ్వుతా అడుగుతారు. నేదంతే మీ మొకం సిన్నబోద్దని..."

కేదార్ తల దించుకుని అన్నాడు: "ఆ కొత్త మాత్ర నీకు మేలు చేస్తుందో లేదో నాకు తెలియదు."

సింహాలమ్మ ఇటు తిరిగింది. మంచం కాళ్ల దగ్గర కూర్చున్న తవిటమ్మ కూడా తలెత్తి చూసింది.

"తెల్దా?"

"తెలియదు. ఎవరికీ తెలియదు. చేస్తుందేమోనని ఆశ. అది తెలుసుకోవడానికే మీకు ఇచ్చి చూస్తున్నాం."

"మీకే తెల్దా?" అంది మళ్లీ. ఆమె గొంతులో కోపం లేదు. ఆశ్చర్యమే ఉంది. కోపగించుకున్నా అతనికి అంత కష్టంగా ఉండేది కాదు. "ఆ మాట అప్పుడు సెప్పనేదు బాబూ."

చెప్పాడు. వీడియోలో ఉంది. కానీ కేదార్ ఆ ఊసెత్తలేదు.

"అవును," అన్నాడు.

తరవాత నెమ్మదిగా చెప్పాడు. కోలుకున్నాక, ఇష్టమైతే తక్కువ మోతాదులో మళ్లీ మొదలెట్టొచ్చు. లేదంటే మానేయొచ్చు. మానేసినా పాత మాత్ర ఎప్పటిలాగే ఇస్తారు, తానే చూస్తాడు. ఈసారి అది నీకు మంచిదనీ అనలేదు, కాదనీ అనలేదు. మంచిదేలే అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"నాను మానీస్తే ఎనకొచ్చే ఆడోలకి నష్టమా?" అంది సింహాలమ్మ.

ఆమె అలా అడుగుతుందని అతను అనుకోలేదు. "నష్టమేం లేదు. నువ్వు పడ్డ బాధేమిటో తెలిస్తే, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు జాగ్రత్తపడతాం."

"అయితే రాసుకో మరి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదట తడబడింది. తరవాత సిగ్గుపడడం మానేసింది. బట్టీలో ఆడవాళ్లు ముక్కు మూసుకున్న సంగతి, బస్సులో చీర పాడై దిగకుండా చివరి స్టాపు దాకా కూర్చుండిపోయిన సంగతి, ఆ పూట కూడా ఆసుపత్రికి వచ్చి బాగుందనే చెప్పిన సంగతి. మరిచిపోయినవి తవిటమ్మ అందించింది. కేదార్ రాసుకుంటున్నాడు. ఒక్కోచోట కలం ఆగిపోతోంది. ఆ పూట తాను అడిగింది, ఆమె చెప్పింది, ఇద్దరూ నవ్వింది అతనికి బాగానే గుర్తుంది.

అంతా చెప్పాక ఆమె అతని మొహం వంక కాసేపు చూసింది.

"మరి వొద్దు బాబూ," అంది. "ఆ కొత్తది నాకొద్దు."

"సరే," అన్నాడు కేదార్.

బయటికి వచ్చేసరికి మర్నాటి పరీక్షల కోసం వచ్చిన ఆడవాళ్లు వరండాలో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లలో కొందరు ఆ పరిశోధనలో చేరినవాళ్లే. అతన్ని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. జోడించిన ఆ చేతుల వంక చూడలేకపోయాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. అతను వరండా దాటేదాకా అలాగే నిలబడి ఉన్నారు.

మరియరత్నం గారు ఇంటికి బయల్దేరబోతూ బల్ల మీది సామాను సర్దుకుంటున్నారు. కేదార్ గుమ్మంలోనే ఆగాడు.

"అమ్మా, సింహాలమ్మ వద్దంది."

ఆవిడ చెయ్యి ఆపి తలెత్తారు. అతని మొహం చూశారు.

"అయితే ఈసారి నీ మాట విందన్నమాట," అన్నారు.