అడవికి పోసిన బొగ్గుపులుసు

నల్లమల అంచున ఓబులేసు, మద్దిలేటి అని ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో తమను మించిన తెలివిగలవాళ్ళు చుట్టుపక్కల లేరని ఓబులేసు నమ్మకం. అతని భార్య సుంకులమ్మకు ఆ నమ్మకం ఇంకో పిడికెడు ఎక్కువే.

ఒకసారి హైమవతి అనే సైంటిస్టమ్మ వచ్చి అడవిలో ఇనుప టవరు కట్టించి, పైన యంత్రం బిగించింది. చెట్లు బొగ్గుపులుసు గాలి ఎంత తీసుకుంటున్నాయో, ఎంత వదులుతున్నాయో అది లెక్క కడుతుంది. అడవి ఊపిరి జాగ్రత్త అని అన్నదమ్ములకు అప్పజెప్పి ఆమె పట్నం వెళ్ళింది.

ఓ మబ్బు రోజున ఫోన్ చేసి, అడవి ఇవాళ బొగ్గుపులుసు సరిగ్గా తీసుకోవడం లేదు, అక్కడంతా బాగుందా అని అడిగింది. అంతే, ఓబులేసు లబోదిబోమంటూ ఇంటికి పరుగెత్తాడు. తమను నమ్మి అప్పజెప్పిన అడవి తిండి మానేసింది!

సుంకులమ్మ కొంగు బిగించి, కుండెడు చింతపండు పిసికి, గంపెడు బొగ్గులు వేసి, ఘాటుగా పోపు పెట్టింది. ముగ్గురూ చెట్టు చెట్టుకూ గరిటెడు పోశారు. ఒక్క చెట్టూ నోరు తెరవలేదు. ఉప్పు తక్కువైందేమోనని సుంకులమ్మ బాధపడింది. కాదు వదినా, అడవికి రొంప పట్టి వాసన తెలియడం లేదన్నాడు మద్దిలేటి.

ఇంకేముంది, టవరు కింద పొయ్యిలు పెట్టి, కాగుల్లో వావిలాకు మరిగించి, అడవికి ఆవిరి పట్టారు. పచ్చికట్టెల పొగ టవరు కొసదాకా లేచింది. పట్నంలో యంత్రం లెక్క ఒక్కసారిగా పైకెగిరేసరికి, అడవి తగలబడిపోతోందని హైమవతి జీపెక్కి పరుగున వచ్చింది. ఓబులేసు విసనకర్ర పక్కన పెట్టి, సంతోషంగా ఎదురెళ్ళాడు.

"తేరుకుందమ్మా," అన్నాడు.

ఆమె నెత్తి పట్టుకుని కూలబడింది. ఆ నెల లెక్కంతా పాడైందనీ, ఇంకోసారి ఇలా జరిగితే టవరు పీకేసి పోవాల్సిందేననీ చెప్పింది. ఓబులేసు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏం చేయకూడదో చెప్పు తల్లీ, చచ్చినా చేయం అన్నాడు.

"పొగే కాదు, మనిషి ఊపిరి కూడా యంత్రానికి తగలకూడదు. మీ ఊపిరి మీ ఇంట్లో వదులుకోండి," అంది ఆమె విసుగ్గా.

అంతే. మర్నాటి నుంచి టవరు దగ్గర పీల్చుకోవడం, ఇంటికి పరుగెత్తి వదలడం. ఇల్లేమో వాగు అవతల. బుగ్గలు బూరెల్లా ఉబ్బించుకుని పరుగెత్తే ఓబులేసు, వాగు మధ్యలో ఊపిరి జారవిడిచి, సాయంత్రందాకా నీళ్ళలో వెతికాడు. ఇలా లాభం లేదని చివరికి సుంకులమ్మే ఉపాయం చెప్పింది.

హైమవతి మళ్ళీ వచ్చేసరికి టవరు కింద వాళ్ళింటి గుమ్మం, తలుపుతో సహా నిలబడి ఉంది. చుట్టూ గోడల్లేవు, పైన కప్పు లేదు. ఓబులేసు ఉబ్బిన బుగ్గలతోనే ఆమెకు దండం పెట్టి, బయట చెప్పులు విడిచి, గుమ్మం దాటి, లోపలినుంచి గడియ పెట్టుకుని, తీరిగ్గా ఊపిరి వదిలాడు.