చంద్రుడి మీద దిగని గడియారం

నాకొక మంచి గుణం ఉంది. నేను చెప్పుకోకపోతే మీకెలాగూ తెలియదు గనక చెబుతున్నాను. నా చేతి గడియారం నడవదు. అయినా దాన్ని కట్టుకునే బయటికి వెళతాను, మాటిమాటికీ చూసుకుంటాను. ఎందుకంటారా? పాపం, ఎదుటివాళ్ళకి తీరిక లేని పెద్దమనిషితో మాట్లాడుతున్నామన్న తృప్తి దక్కాలి కదా! ఈ పరోపకారం నాకెవరూ నేర్పలేదు, సొంతంగా పట్టుబడింది. బడిలో నేర్పినవి మాత్రం... వాటి సంగతి ఇప్పుడెందుకు, కథలోకి పోదాం.

అనగనగా, చందమామ దగ్గరికి పోయి రావడం చాలా సులువని పిల్లలూ, చాలా దండగని పెద్దలూ వాదించుకునే రోజుల్లో, కాలవరం అనే పట్నం ఉండేది. ఆ పట్నానికి మణికేతుడు రాజు.

మణికేతుడికి కాలు నిలవదు. సింహాసనం మీద కూర్చుంటే పాదం ఆడుతుంది. పాదం ఆపితే వేళ్ళు ఆడతాయి. భోజనానికి కూర్చుంటే పప్పు వడ్డించేలోపు లేచి కిటికీ దాకా వెళ్ళొస్తాడు. వయసులో ఉండగా చంద్రుడి మీదికి తానే పోవాలని ముచ్చటపడ్డాడు. ఉయ్యాల ఎక్కితేనే కళ్ళు తిరిగే ప్రభువు అంత దూరం ఎలా పోతారని రాజవైద్యుడు అడ్డుపడ్డాడు. అందుకని ముగ్గురేసి చొప్పున వ్యోమగాములను పంపుతూ, తాను మేడ మీద నిలబడి చెయ్యి ఊపాడు. వాళ్ళు తిరిగొస్తే శాలువా కప్పాడు. ఎలా వెళ్ళారు, అక్కడ ఎవరు ఏ పని చేశారు అని అడిగేంత ఓపిక ఆయనకు లేకపోయింది.

ఏళ్ళు గడిచాయి. యాత్రలు ఆగిపోయాయి. రాజుగారి చెయ్యి మాత్రం ఊరుకోలేదు. ఆ వ్యోమగాములు పెట్టుకున్న చేతి గడియారాలను పోగుచేయడం మొదలుపెట్టింది.

ఒక్కటి దొరికితే ఆ పూటకి నెమ్మది. తెల్లారితే ఇంకోటి కావాలి. ఈ సంగతి తెలిశాక కాలవరంలో ప్రతి ఇంటికీ ఒక వ్యోమగామి చుట్టం పుట్టుకొచ్చాడు. పాత గడియారాన్ని రోట్లో ఇసుక పోసి దొర్లించి గీతలు పెట్టడం, పొయ్యిలో బూడిద పూయడం, "మా బాబాయి చంద్రుడి మీద దిగినప్పటిది" అనడం. చంద్రుడి మీద మన సంతకన్నా రద్దీ ఎక్కువై ఉంటుందని ఊళ్ళో ఒక ముసలావిడ గట్టిగానే అనేసింది.

రాజుగారి గదిలో చోటు చాలలేదు. అందుకని కోట వెనక కొట్టులో పడున్న పాత ఆకాశనౌకను తీసి, కంచరి మల్లోజుకు తూకానికి అమ్మేశారు. కరిగించి బిందెలు పోస్తానని అతను పట్టుకుపోయాడు.

ఆ నౌకలో వెళ్ళొచ్చిన ముగ్గురిలో మిగిలింది కుముదమ్మ ఒక్కతే. జుట్టు నెరిసింది. ఊరి చివర ఉప్పుమళ్ళకు కాపలా ఉంటోంది. సంగతి తెలిసి పరుగు పరుగున మల్లోజు దగ్గరికి వచ్చింది.

"ఒరే మల్లోజూ, దాన్ని కరిగించకురా. లోపలి గోడ మీద మావాళ్ళిద్దరూ మేకుతో గీసిన పులి-మేక గళ్ళున్నాయి. పోయేటప్పుడు ఆడుకున్నాం, వచ్చేటప్పుడు ఆడుకున్నాం. వాళ్ళ చేతి గుర్తు లోకంలో ఇంకెక్కడా లేదు."

మల్లోజు చెడ్డవాడు కాడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు. "పిన్నీ, నేను పెట్టింది నాకొస్తే చాలు. గంపెడు వెండి తెచ్చావంటే నౌక నీది. కానీ కొలిమి రాజుకుంటోంది. పొగ నల్లగా ఉన్నంతసేపూ ఆగుతాను. తెల్లబడితే మాత్రం నా చేతుల్లో లేదు. పోతపనివాళ్ళు కూలికొచ్చి కూర్చున్నారు."

కుముదమ్మ దగ్గర అమ్మదగింది ఒక్కటే ఉంది. చేతికున్న గడియారం. దాన్ని విప్పి చీరకొంగున ముడేసుకుని వేలం జరిగే సంత మైదానానికి నడిచింది. నడిచినంతసేపూ వెనక్కి తిరిగి పొగ చూసుకుంటూనే ఉంది.

కాలవరంలో వేలం వేసేది మనిషి కాదు, ఒక గోరింక. వెండితో దానికి పనిలేదు గనక దాన్ని అందరూ నమ్మేవారు. పద్ధతి ఏమిటంటే, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గోరింక అరిచే ముందు, ఒక్కో అరుపుకీ ఒక ప్రశ్న. ఎవరైనా అడగొచ్చు. అమ్మేవాళ్ళు సరుకును గుప్పిట్లో పట్టుకుని జవాబు చెప్పాలి. జవాబు నచ్చకపోతే పాట పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. వెండి చేతులు మారేది అన్ని పాటలూ ముగిశాకే. అబద్ధం బయటపడిందా, ఆ సరుకును అమ్మినవాడి ఒంటికే కట్టి పంపుతారు.

ముందు నాగశ్రేష్ఠి అనే వర్తకుడు ఒక గడియారం తెచ్చాడు.

"మా మేనమామ చంద్రుడి మీద దిగినప్పుడు పెట్టుకున్నది మహారాజా! ఇదుగో, ఇంకా అక్కడి ధూళి వదల్లేదు."

గోరింక వంగి వాసన చూసి తుమ్మింది. "శ్రేష్ఠి గారూ, చంద్రుడి మీద పిడకలు కాలుస్తారా?"

"అక్కడ చలి ఎక్కువ మరి!" అన్నాడు శ్రేష్ఠి తడుముకోకుండా.

జనం నవ్వారు. రాజు నవ్వలేదు, ఆగలేదు కూడా. "బండెడు వెండి!" అని పాడేశాడు.

తర్వాత ఒక నక్క వచ్చింది. దాని గడియారం పట్టీ నిండా పంటిగాట్లు.

"ప్రభూ, చంద్రుడిలో కుందేలుందని మీరు వినే ఉంటారు. మా తాత దిగి దాన్ని తరుముతుంటే అది తిరగబడి కరిచింది. ఇవి ఆ గాట్లే."

"ఆ పళ్ళ వరస నీ పళ్ళలాగే ఉందేం?" అంది గోరింక.

"మంచి వంశాల పళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి" అంది నక్క.

రాజు అటూ ఇటూ పచార్లు చేస్తూనే దానికీ బండెడు వెండి పాడాడు.

మూడోది, ఆఖరిది కుముదమ్మది. మైదానం మీదుగా పొగ కనబడుతోంది. ఇంకా నల్లగానే ఉంది, కానీ అంచులు పలచబడుతున్నాయి.

"ఇది నేను చంద్రుడి దాకా వెళ్ళినప్పుడు కట్టుకున్నది" అంది ఆమె. ఆమె పేరు రాజుకు లీలగా గుర్తొచ్చింది. కళ్ళు మెరిశాయి.

"రెండు బళ్ళు!" అన్నాడు.

శ్రేష్ఠికి కడుపు మండింది. మొదటి ప్రశ్న అతనే వేశాడు. "ఏం అత్తా, ఇది చంద్రుడి మీద దిగిందా? అవునో కాదో ఒక్క మాటలో చెప్పు."

అవునంటే రెండు బళ్ళ వెండి. అవునంటే నౌక ఆమెది. కాదనగల సాక్షి భూమ్మీద ఒక్కడూ లేడు. కుముదమ్మ పొగవైపు చూసింది. గుప్పిట బిగించింది.

"దిగలేదు" అంది.

మైదానమంతా గుసగుసలు. రాజు పాదం ఆడింది. "పాట వెనక్కి" అన్నాడు. ఎవరో జాలిపడి, "గంపెడు" అని పాడారు. ఆమెకు కావలసింది అంతే.

"ఒకటోసారి!" అంది గోరింక.

రెండో ప్రశ్న నక్కది. "దిగలేదు సరే, టైము సరిగ్గా చూపిస్తుందా అమ్మగారూ?"

"చూపించదు. రోజూ కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో నేను మనసులో కలుపుకునేదాన్ని."

గంపెడు పాడినవాడు తల గోక్కుని జనంలో కలిసిపోయాడు. "చారెడు" అన్నారెవరో నవ్వుతూ.

"రెండోసారి!"

పొగ బూడిదరంగుకి తిరిగింది. మూడో ప్రశ్న కోసం అందరూ రాజువైపు చూశారు. ఆయన నడక ఆపకుండానే విసుగ్గా అడిగాడు.

"ఏమమ్మా, నీకు వెండి అవసరమని నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇంతమందికి దిగిన చుట్టాలున్నారు. నువ్వు మాత్రం దిగానని ఒక్క మాట అంటే ఏం పోయేది?"

కుముదమ్మ కాస్తంత ఆలోచించి చెప్పింది.

"మావాళ్ళిద్దరూ చిన్న పడవలాంటి దాంట్లో కిందికి దిగారు ప్రభూ. నేను పెద్ద నౌకలో పైన తిరుగుతూ ఉన్నాను. చంద్రుడి వెనక్కి పోతే వాళ్ళ గొంతు వినబడదు, భూమి కనబడదు. ఈ గడియారమొక్కటే తోడు. దీన్ని చూసుకుంటూ, వాళ్ళు ఎగిరొచ్చే వేళకి నేను సరిగ్గా అక్కడుండాలి. లేకపోతే వాళ్ళు అక్కడే ఉండిపోయేవాళ్ళు. ఇప్పుడు నేనూ దిగానని చెబితే, వాళ్ళని వెనక్కి తెచ్చిందెవరు మహారాజా? నేను దిగివుంటే మా ముగ్గురిలో ఒక్కరూ ఇల్లు చేరేవాళ్ళు కాదు."

రాజు నడక ఆగింది. కాలవరంలో అది ఎవరూ ఎన్నడూ చూడనిది. జనం ఆకాశం వైపు చూశారు, ఏమన్నా గ్రహణం పట్టిందేమోనని.

ఆయన మెల్లిగా శ్రేష్ఠివైపు తిరిగాడు. "శ్రేష్ఠీ, మీ మేనమామ దిగినప్పుడు పైన ఎవరున్నారు?"

శ్రేష్ఠి నోరు తెరిచాడు. ధూళి గురించి ఆలోచించాడు, చలి గురించి ఆలోచించాడు గానీ తిరుగు ప్రయాణం గురించి ఎన్నడూ ఆలోచించలేదు. "పైన... పైన ఆకాశం ఉంది ప్రభూ" అన్నాడు.

"నక్కా, మీ తాత దిగినప్పుడు?"

"అందరూ దిగారు ప్రభూ! కుందేలు ఒక్కరికి చిక్కేది కాదు!" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

"నా గది గోడ నిండా దిగిన గడియారాలే" అన్నాడు రాజు, తనలో తాను. "ఇద్దరు దిగితే ఒకరు పైన ఆగాలి కదా! ఆగినవాళ్ళది ఒక్కటీ రాలేదు. ఆ పని నాదని చెప్పుకోవాలని దొంగలకి కూడా తోచలేదు. నాకూ అడగాలని తోచలేదు."

అప్పుడు ఆయన గట్టిగా, "గంపలూ బళ్ళూ కాదు, ఆమె ఎంత అడిగితే అంత!" అన్నాడు.

"మూడోసారి!" అని గోరింక రెక్కలు కొట్టింది.

"నాకు గంపెడు చాలు" అంటూనే కుముదమ్మ గడియారం రాజు చేతిలో పెట్టేసింది. పొగ తెల్లబడిపోయింది. వెండి గంప నెత్తినెత్తుకుని, అంత పెద్దమనిషీ సంతలో పిల్లలా పరుగెత్తింది.

కొలిమి దగ్గర మల్లోజు తలొంచుకుని నిలబడ్డాడు. "కొంచెం ఆలస్యమైంది పిన్నీ. నౌక తలుపు పోతలోకి వెళ్ళిపోయింది. గరిటెలైపోయాయి. నీ వాటా కింద ఒకటి తీసుకో."

కుముదమ్మ లోపలికి తొంగి చూసింది. గోడ మీద గళ్ళు అలాగే ఉన్నాయి. గరిటె తీసుకుంది. తలుపున్న చోట గోనెపట్టా కట్టుకుంది.

సంతలో నాగశ్రేష్ఠికి, నక్కకి వాళ్ళ గడియారాలే ముంజేతికి కట్టి పంపారు. దారిన పోయే ప్రతివాడూ టైమెంతని అడిగేవాడు. ఇసుకలో దొర్లించిన గడియారమూ, పళ్ళతో కొరికిన గడియారమూ నడవవు కదా, వాళ్ళు ఎండను చూసి చెప్పేవారు.

రాజుగారి కాలు నిలిచిందా అని మీరడుగుతారు. నిలవలేదు. అలవాటు అంత తేలిగ్గా పోదు. కాకపోతే ఆ గదిని ఖాళీ చేయించాడు. వెనకబడే గడియారాన్నే కట్టుకుని, ఎవరైనా పెద్ద పని చేసి వచ్చామంటే, "వెనక ఎవరున్నారు?" అని అడగడం నేర్చుకున్నాడు.

పిల్లలూ, తాను చేసిన పనినే చేశానని చెప్పుకునేవాడు ఏ ప్రశ్నకీ తడబడడు. లేని గొప్ప చెప్పుకున్నవాడికి ఒక్క ప్రశ్న చాలు. ఇంత చక్కగా చెప్పాను కదా, "మరి మీరప్పుడు అక్కడున్నారా?" అని ఎవరైనా అడిగితే "లేను" అనడం మాత్రం నాకింకా రాలేదు.