రాజుగారు తినిపించిన కాకరకాయ

ఆదిదంపతులకే అలకలు తప్పలేదు కదమ్మా! అయినా శాంతవర్మ మహారాజు, పోట్లాడుకునే ఆలుమగల్ని విడదీసేస్తానని చాటింపు వేయించాడు. మొదట దొరికింది చాపలల్లే నూకాలు, ఆమె మొగుడు గవరయ్య.

“నేనూ రాణీ ఏనాడూ మాటామాటా అనుకోలేదు. మీకేం రోగం?” అని గద్దించాడు రాజు.

గవరయ్య లేని ఇల్లు తలచుకుంటేనే నూకాలుకి భయమేసింది. అయినా తలెత్తింది. ఎంత గుండెధైర్యమో చూడండి!

“మారాజా, నా గురకా నా పులుసుకూరా ఈయనకి గిట్టవు. పోట్లాడితేనే తెలిసింది. తమలో రాణమ్మకి గిట్టనిదేంటో సెలవియ్యండి. చెప్పగలిగితే మేం విడిపోతాం.”

“ఏమీ లేదు! రోజూ నా చేత్తో కాకరకాయ వేపుడు తినిపిస్తాను. మొదటి ముద్దకే ఆనందబాష్పాలు రాల్చింది.”

“రాణమ్మనే అడగండి బాబూ.”

పక్కనే కూర్చున్న రాణి అంది: “అవి ఆనందబాష్పాలు కావు ప్రభూ. చేదు!”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“మీరడిగారా?”

“నువ్వు చెప్తే కదా!”

“చెప్పనిచ్చారా?”

ఇద్దరి గొంతులూ సభ దద్దరిల్లేలా లేచాయి. నూకాలు వినయంగా దణ్ణం పెట్టింది.

“మారాజా, మరి తమరిద్దర్నీ ఎవరు విడదీస్తారు?”

రాణి పకపకా నవ్వింది. చాటింపు అక్కడికక్కడే రద్దయింది. నూకాలు చలవ, ఆ మధ్యాహ్నం రాణిగారు ఎన్నాళ్ళకో కడుపునిండా ముద్దపప్పు తిన్నారు.