గోరువంక లెక్క, చెంగల్రాయుడి గింజ

ఎర్రకోన అనే అడవిలో కుందేళ్లు, దుప్పులు, నెమళ్లు, ఎలుగుబంట్లు, ముళ్లపందులు, ఇంకా పిలిస్తే పలికే జంతువులూ పిలిచినా పలకని జంతువులూ బోలెడు ఉండేవి. ఆ అడవికంతా ఉన్నది ఒక్కటే వాగు. వానాకాలంలో దాని హోరు ఇంతా అంతా కాదు. ఎండాకాలం వస్తే మాత్రం ఇసుక తప్ప చుక్క నీరు కనిపించదు.

అందుకని ఏటా రేగుపళ్లు అయిపోయే రోజుల్లో ఎర్రకోన వాళ్లు ఒక నీటిపెద్దను ఎన్నుకునేవారు. వానలు పడేదాకా నీళ్ల సంగతంతా ఆ పెద్దే చూడాలి. ఎన్నిక సందెవేళ జరిగేది. పగలు తిరిగేవాళ్లు అప్పటికి పడుకోరు, రాత్రి తిరిగేవాళ్లు అప్పుడే లేస్తారు. అడవంతా మెలకువగా ఉండేది ఆ కాసేపే. తాబేలు తాత ఒక్కొక్కరికీ ఒక్క రేగుగింజ ఇస్తాడు. పొద చాటున రెండు గుంతలు ఉంటాయి. నచ్చినవాళ్ల గుంతలో గింజ వేసి రావాలి. ఎవరు ఎవరికి వేశారో ఇంకొకరికి తెలియదు.

ఆ ఏడు ఇద్దరు పోటీకి దిగారు. ఒకడు నీలాంబరుడు అనే నెమలి. "నేను పురి విప్పి ఆడానంటే మబ్బు పరిగెత్తుకుని రావాల్సిందే. మీరు నోరు తెరుచుకుని నిలబడండి చాలు, వాన నోట్లోనే పడుతుంది" అన్నాడు. అంత మాట చెబుతూ కూడా ఈక ఒక్కటి చెదరకుండా చూసుకున్నాడు.

రెండోది నల్లవ్వ అనే ముసలి ఎలుగుబంటి. ఆమెకు పెద్ద పెద్ద మాటలు రావు. "వాగు ఇసుకలో మూడు చెలమలు తవ్వుదాం. లోపల నీళ్లు ఊరతాయి. ముందు పిల్లలు, తర్వాత పెద్దలు, వంతులవారీగా తాగుదాం" అంది. అని, గోళ్లకంటిన మన్ను దులుపుకుంటూ వెళ్లిపోయింది.

చెంగల్రాయుడు అనే కుందేలు ఇద్దరి మాటలూ విన్నాడు. అతని ఇంట్లో పుట్టి పది రోజులైనా కాని పిల్లలు నాలుగున్నాయి. నీళ్లు దొరక్కపోతే తల్లికి పాలు రావు, పాలు లేకపోతే పిల్లలు దక్కవు. నిరుటి ఎండల్లో అతను ఒక పిల్లను పోగొట్టుకున్నాడు. ఆ దిగులు ఇంకా అతన్ని వదల్లేదు. "నా గింజ నల్లవ్వకే" అని భార్య పుల్లమ్మకు ఆ పూటే చెప్పేశాడు.

ఎన్నిక ఇంకా ఐదు రోజులు ఉందనగా పసుపుముక్కు గోరువంక రంగంలోకి దిగింది. దాని నోరు ఊరికే ఉండదు. పొద్దున్నే మేడిచెట్టు కింద పళ్లు తింటున్న పదిమందిని పట్టుకుని "ఎవరికి వేస్తారు?" అని అడిగింది. ఆ చెట్టు కింద రోజూ చేరేది నీలాంబరుడి చుట్టాలూ స్నేహితులే. గోరువంక అదేమీ పట్టించుకోలేదు. చిటారుకొమ్మకెక్కి అడవంతా వినబడేలా అరిచింది.

"పదిలో ఆరు నెమలికి! పదిలో ఆరు!"

చెంగల్రాయుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అయితే నెమలే ముందున్నాడన్న మాట" అనుకున్నాడు.

మర్నాడు దుప్పులు కూడా ఆ చెట్టు దగ్గరికి వచ్చాయి. ఎలాగూ గెలిచేవాడి వైపు ఉంటే మంచిదని అవీ నెమలి పేరే చెప్పాయి. "పదిలో ఎనిమిది!" అని అరిచింది గోరువంక. మూడో రోజు "పదిలో తొమ్మిది!" అంది. మిగిలిన ఆ ఒక్కరూ ఎవరో పాపం, నాలుగో రోజుకి వాళ్లూ మాట మార్చేశారు. ఎక్కడ విన్నా అదే కబురు. చెంగల్రాయుడికి ధైర్యం జారిపోయింది.

"ఓడిపోయేవాళ్లకు వేసి గింజ పాడుచేసుకోవడం ఎందుకు పుల్లా? నెమలికే వేసేస్తాను. రేపు గెలిచాక మన ముఖం గుర్తుపెట్టుకుంటాడు" అన్నాడు.

పుల్లమ్మ పిల్లల్ని నాకుతున్నదల్లా తలెత్తింది. "మబ్బు రాకపోతే మన ముఖం గుర్తుపెట్టుకుని ఏం చేస్తాడయ్యా? ఆయన ముఖం చూస్తే దాహం తీరుతుందా?" అంది.

ఎన్నిక రోజు రానే వచ్చింది. పొద్దు వాలుతుండగా అతను తాబేలు తాత దగ్గరికి బయల్దేరాడు. దారిలో చుక్కమ్మ అనే దుప్పి కలిసింది.

"నెమలికేనా అక్కా?" అని అడిగాడు.

"అందరూ అటే అంటున్నారుగా. గోరువంకతో నేనూ అదే చెప్పాను."

"అది సరే, నీ మనసులో ఎవరున్నారు?"

చుక్కమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నవ్వకు తమ్ముడూ. నల్లవ్వే. నా కూనకు నీళ్లు కావాలి కదా!"

చెంగల్రాయుడు ఉన్నచోటే ఆగిపోయాడు. ఇంతలో పక్క బొరియలోంచి గురవయ్య అనే ముళ్లపంది ఆవులిస్తూ బయటికొచ్చాడు.

"మామా, గోరువంక అడిగినప్పుడు నువ్వేం చెప్పావు?"

"గోరువంకా? నేను లేచేసరికి అది గూట్లో పడుకుంటుంది. అది లేచేసరికి నేను గుర్రు పెడుతుంటాను. దాని ముఖం చూసి ఏళ్లయిందిరా అల్లుడూ. గుడ్లగూబల్ని అడగలేదు, గబ్బిలాల్ని అడగలేదు, పునుగుపిల్లుల్నీ అడగలేదు. సగం అడవి మాదేరా!"

చెంగల్రాయుడికి పకపకా నవ్వొచ్చింది. నాలుగు రోజులుగా ఒక్క మేడిచెట్టును చూసి అడవంతా అలాగే ఉందని భయపడ్డాడు! తన తెలివికి తనకే సిగ్గేసింది. సిగ్గు కంటే సంతోషం ఎక్కువైంది. "మీరు నడుస్తూ ఉండండి" అని చెంగుచెంగున పరుగందుకున్నాడు.

ప్రతి పొద దగ్గరా, ప్రతి బొరియ దగ్గరా ఒకటే మాట చెప్పాడు. "ఎవరు గెలుస్తారన్నది వదిలేయండి. మీకు ఎవరు కావాలో వాళ్లకే వేయండి. కానీ వచ్చి వేయండి!" అందరినీ పంపించి, రొప్పుతూ వచ్చి, చివరగా తన గింజ నల్లవ్వ గుంతలో వేశాడు.

అక్కడ మేడిచెట్టు కింద నీలాంబరుడు ఊరేగింపుకు ముస్తాబవుతున్నాడు. "పదిలో పది" అని విన్నప్పటి నుంచి అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"తమరు గింజ వేయడానికి రారా?" అని ఎవరో అడిగారు.

"నా ఒక్క గింజే తక్కువైందా? ఆ పొదల్లోకి వెళ్తే ఈకలు నలుగుతాయి" అన్నాడు.

అతని చుట్టాలూ అలాగే ఉన్నారు. "గెలిచేసినట్టేగా, మనం వెళ్లకపోతే కొంపలేం మునుగుతాయి?" అని చాలామంది పళ్లు తింటూ కూర్చుండిపోయారు.

తాబేలు తాత గింజలు లెక్కపెట్టాడు. తాత నడకలాగే లెక్క కూడా మెల్లగా సాగింది. చివరికి తాత మెడ చాచి చెప్పాడు.

"నెమలికి నూట పన్నెండు. నల్లవ్వకు నూట పదమూడు!"

సరిగ్గా అప్పుడే ఊరేగింపు వచ్చింది. నీలాంబరుడు ఆ మాట విని పురి ముడుచుకున్నాడు. తాను వేయని గింజ గుర్తొచ్చి, ఎవరి ముఖమూ చూడలేక తల దించుకున్నాడు.

చెంగల్రాయుడు గాల్లోకి ఎగిరాడు. "ఆ ఒక్క గింజా నాదే!" అని అరిచాడు.

"నీదేంట్రా, నాది!" అన్నాడు గురవయ్య, ముళ్లన్నీ గలగలలాడిస్తూ.

"కాదు తమ్ముడూ, అది నాదే" అంది చుక్కమ్మ. "మాది, మాది" అని గబ్బిలాలు కీచుమన్నాయి.

తాబేలు తాత నవ్వాడు. "తగువెందుకు? మీలో ఏ ఒక్కరు రాకపోయినా నల్లవ్వ గెలిచేది కాదు. కాబట్టి ఆ గింజ మీ అందరిదీను" అన్నాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. నీలాంబరుడు ఎన్నిసార్లు ఆడినా మబ్బు తొంగి చూడలేదు. నల్లవ్వ తవ్వించిన మూడు చెలమల్లోనూ నీళ్లు ఊరాయి. నీలాంబరుడికీ వంతు వచ్చింది. కాకపోతే చిన్నపిల్లల వరస అయ్యేదాకా నిలబడాల్సి వచ్చింది. చెంగల్రాయుడి పిల్లలు మూతులు ముంచి, ముక్కుల్లోకి నీళ్లెక్కి తుమ్ముతూ తాగాయి. చెంగల్రాయుడు పక్కనే కూర్చుని వాటిని లెక్కపెట్టుకున్నాడు. నాలుగూ ఉన్నాయి.

నీతి: ఎవరు గెలుస్తారని నలుగురూ అనుకునే మాటను బట్టి ఓటు వేయకూడదు, మనకు ఎవరు మేలు చేస్తారో మనమే ఆలోచించుకుని, తప్పకుండా వెళ్లి వేయాలి.